బాపు డప్పు, నా చెవి

పోయిన వానకాలం కంటి ఆపరేషన్ చేయించుకుని, భూపాలపల్లిలో నా బిడ్డ లక్ష్మి ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాను. అల్లుడికి బొగ్గుబావిలో పని. వాళ్లుండేది కార్మికుల క్వార్టరు. ఎంత తుడిచినా కిటికీ రెక్కల మీద సన్నటి నల్లపొడి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆ ఇంట్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. పట్టపగలు లైటు వేస్తారు. చింతపండు పిసికి గింజలు పారేస్తారు. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి, రెండో రోజు తీసి పారబోస్తారు. పారబోసేదాన్ని చల్లబరచడం ఎందుకో నాకు అర్థం కాదు. అంటే లక్ష్మికి కోపం. అందుకని నోరు మూసుకుని, ఒక మూల కూర్చుని బియ్యం చెరుగుతూ ఉండేదాన్ని. వాళ్ల బియ్యంలో రాళ్లు కూడా ఉండవు. చేతికి ఏదో ఒక పని ఉండాలని చెరిగేదాన్ని.

ఒక సాయంత్రం గడప దగ్గర నేను చాటతో కూర్చుంటే, మనవరాలు స్రవంతి పక్కన కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఈ పిల్ల చదివింది ఒకటి, చేసేది ఒకటి. పెద్ద పెద్ద పాటల ప్రోగ్రాములకు సౌండు చూస్తుంది. ఏ వాయిద్యం ముందు ఏ మైకు పెట్టాలి, దేని చప్పుడు ఎంత వినబడాలి అన్నది ఒక బల్ల మీద మీటలు జరిపి సరిచేస్తుంది. అందులోనూ డ్రమ్ముల సౌండు కట్టడంలో ఆమెకు పేరుందట. డ్రమ్ములకు సౌండు కట్టడం అందరికీ రాదట. చెప్పేది లక్ష్మి. కూతురి పని నచ్చదంటూనే వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

వానకాలం కదా, దోమలు. ఒక దోమ స్రవంతి ఎడమ చెవి చుట్టూ తిరుగుతోంది. ఆపరేషన్ అయిన కొత్త కంటికి అది నాకు స్పష్టంగా కనిపిస్తోంది. దాని సన్నటి రొద నా దాకా వినబడుతోంది. చెవి దగ్గర దోమ రొద వస్తే ఎవరికైనా చెయ్యి దానంతట అదే లేస్తుంది. నిద్రలో ఉన్న పసిపిల్లకు కూడా లేస్తుంది. స్రవంతికి లేవలేదు. దోమ చెవి తమ్మె మీద వాలి, తాపీగా కుట్టాక అప్పుడు కొట్టుకుంది. నా చేతిలో చాట ఆగిపోయింది.

అది చూసి ఊరుకునే మనిషిని కాదు నేను. ఎడమ పక్క నుంచి చిన్నగా అన్నాను, "పొయ్యి మీద పాలు పొంగుతున్నయే." ఆమె ఫోను చూస్తూనే ఉంది. లేచి కుడి పక్కకు వెళ్లి అంతే చిన్నగా అదే మాట అన్నాను. "ఏ పాలు? పొయ్యి బంజేసే ఉంది గద అమ్మమ్మా" అంది వెంటనే.

"ఎప్పటి సంది?" అన్నాను.

"ఏది?"

"చెవి."

ఆమె ముందు నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపింది. వంటింట్లో ఉన్న తల్లి వైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగింది.

"అమ్మకు చెప్పకు. ఎడమ చెవుల ఎప్పుడూ గుయ్యిమంటది. సన్నటి సౌండ్లు ఇనవడ్తలేవు. రెండో చెవి జర నయం, అది కూడ తగ్గుతుంది."

"చూపించుకున్నవా?"

"వరంగల్ల చూపించిన. పోయింది రాదన్నడు. ఉన్నదన్న ఉండాల్నంటే ఈ పని బంజేయాలె అన్నడు."

"మరి బంజేయి."

"ఎట్ల బంజేస్త అమ్మమ్మా? ఆ బల్ల కాడ కూసోనికి నేనెంత తన్లాడిన్నో నీకు తెల్వదు. ఆడపిల్లకేం తెలుస్తది డ్రమ్ముల సౌండు అన్నోళ్లే ఇప్పుడు నన్ను పిలుస్తున్నరు. చెవి పోయిందని తెలిస్తే ఒక్కడు పిలువడు." నా మోకాలు మీద చెయ్యి వేసింది. "ఈడనే ప్రోగ్రాం ఉన్నది. నువ్వు నా పక్కన కూసో. నీ చెవులు మంచిగున్నయ్ గద. డ్రమ్ముల కాడి ఇత్తడి తాళాల సౌండు నాకు సరిగ అందుతలేదు. నేను మీట జరుపుత, నువ్వు ఇను. సరిగ ఉన్నదనుకో, ఊకె తల ఊపు. అంతే. ఎవ్వలకు తెల్వదు."

తల ఊపు చాలు అన్న మాట నాతో అన్న మొదటి మనిషి స్రవంతి కాదు. మా అవ్వ అన్నది. కన్నతల్లిని మేము అవ్వ అనే, తండ్రిని బాపు అనే పిలిచేవాళ్లం. అప్పుడు నేను లంగా కట్టే పిల్లను.

మాది నర్సింహులపేట దాపున ఒక పల్లె. మాదిగవాడలో చివరి ఇల్లు మాది. నేను మూడో తరగతి దాకా బడికి పోయాను, ఆ తర్వాత పోలేదు. ఎందుకు పోలేదో ఇప్పుడు చెప్పబోయేదే. మా బాపు ఎల్లయ్య ఊరికి మొదటి డప్పు. అంటే చావుకైనా పెళ్లికైనా బోనాలకైనా డప్పుల వరుసలో ముందు నిలబడేవాడు. దెబ్బ మార్చాలంటే ముందు ఆయన డప్పు మారుతుంది, తర్వాత మిగతావాళ్లవి మారుతాయి. పంట కాలంలో కళ్లాల దగ్గర డప్పువాళ్ల వంతు గింజలు కొలిచేటప్పుడు కూడా మొదటి పిలుపు ఆయనకే. రెండో డప్పు బాపు తమ్ముడు, మా సోమయ్య చిన్నబాపుది. మొదటి డప్పు చేతులు పడిపోయిననాడు ఆ చోటు రెండోవాడిది అవుతుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు గాని అందరికీ తెలుసు.

మా ఇంట్లో చింతగింజ ఒక్కటి కూడా బయట పడేది కాదు. తిన్నవాళ్లు తిన్నచోటే గింజలు ఏరి కుండలో వెయ్యాలి. అవ్వ వాటిని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రోట్లో మెత్తగా రుబ్బి ఉడికిస్తే జిగురు అయ్యేది. ఆ జిగురుతోనే గుండుకు, అంటే డప్పు చెక్క చట్రానికి, తోలు అంటించేవారు. తోలు నానిన వాసన, జిగురు ఉడికే వాసన, సున్నం వాసన, పొగ వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ వాసన వస్తే అన్నం దొరుకుతుందని గుర్తు. భూపాలపల్లిలో లక్ష్మి చింతగింజలు చెత్తబుట్టలో వేస్తుంటే నా చెయ్యి ఇంకా ముందుకు పోతుంది.

డప్పు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తోలు డప్పును కాచకుండా కొడితే తడిబట్ట మీద కొట్టినట్టు ఉంటుంది. గడ్డిమంట పెట్టి, తోలు వైపు మంటకు చూపించి కాచాలి. కాగే కొద్దీ తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. తక్కువ కాగితే మూలుగుతుంది. ఎక్కువ కాగితే పగులుతుంది, తోలు పోతుంది. తోలు పోతే ఇంకో తోలు దొరికేదాకా పస్తు. సరిగ్గా కాగిందా లేదా అన్నది చెవే చెప్పాలి. వేలి కణుపుతో తట్టి వినాలి. అది కూడా పక్కవాళ్ల డప్పులతో కలవాలి.

బాపు అట్లా తట్టి వినడం మానుకున్నాడని మొదట గమనించింది అవ్వ. డప్పును మెడలో వేసుకుని ఎడమ రొమ్ముకు ఆనించి కొడతారు కదా, ఎడమ చెవి కిందే దాని మోత. చిన్ననాటి నుంచి ఆ మోతలోనే బతికాడు బాపు. ముందు ఆ చెవి పోయింది, తర్వాత రెండోది కూడా పోతూ వచ్చింది. పైకి తెలియకుండా చాలా ఉపాయాలు పట్టాడు. ఎవరైనా ఎదురైతే ఆయనే ముందు మాట్లాడేవాడు, వరసగా ప్రశ్నలు వేసేవాడు. జవాబు వినే పని ఉండదు కదా. నలుగురు నవ్వితే నవ్వేవాడు, కొద్దిగా వెనకబడి. ఇంట్లో అరిచినట్టు, బయట గుసగుసగా మాట్లాడేవాడు. అవ్వ నువ్వులనూనెలో వెల్లుల్లి వేసి కాచి, దూదితో ఆయన చెవుల్లో వేసేది. బాపు దగ్గర కూర్చుంటే పొగవాసనతో పాటు ఆ వెల్లుల్లి వాసన వచ్చేది. ఎవరైనా అడిగితే చెవిలో చీము అని చెప్పేది.

మానుకోట దవాఖానకు పోదాం అని నేను ఒకసారి అన్నాను. అవ్వ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"దవాఖానల మన ఊరోడు ఒక్కడన్న ఉంటడు. చూస్తడు. చూసినోడు ఊకుంటడా? చెవిటోడు మొదటి డప్పేందని రేపే సోమయ్యను ముందల నిలవెడ్తరు."

"చిన్నబాపు అట్ల చేస్తడా?"

"ఆయన చేయడు. ఊరు చేపిస్తది." అని నా వైపు తిరిగింది. "రేపటి సంది బడి బంద్. బాపు ఎన్క పో. మంట కాడ కూసో. డప్పు నువ్వే తట్టు, నువ్వే ఇను. కాగింది అనుకో, తల ఊపు. కాగకపోతే మంటల్లకే చూసుకుంట కూసో. నోరు తెరిస్తే మాత్రం నోట్లె కొరివి పెడ్త."

అట్లా నేను బాపు చెవినయ్యాను. మంటకు గడ్డి, తాటి మట్టలు మోసుకొచ్చే పిల్ల అనే అందరూ అనుకున్నారు. గడ్డి దుబారా చేసేదాన్ని కాదు. గుప్పెడు గుప్పెడు వేసి మంట ఒకే ఎత్తులో నిలబెట్టేదాన్ని. బాపు డప్పు తెచ్చి మంటకు చూపిస్తాడు. నేను తోలు మీద పడిన నుసి దులిపినట్టు చేసి, కణుపుతో తడతాను. ఆయన నా మొహంలోకి చూస్తాడు. నేను తల ఊపుతాను. అంతే, ఆయన లేచి వెళ్లి వరుసలో ముందు నిలబడి మొదలుపెడతాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆయనకు చెవులతో పని లేదు. ముందు నడిచేది తానే, వెనక వచ్చేవాళ్లే ఆయనను వింటారు. ఆయనకు దెబ్బ రొమ్ములో తెలిసేది, కాళ్లలో తెలిసేది. ఆ రోజుల్లో ఆయన కొట్టిన కొట్టుడు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకొకరు కొట్టలేదని పెద్దవాళ్లు అనేవారు. చావులకు కొడితే కరుడుగట్టిన మగవాళ్లు కూడా కండువా మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఆ తోలు గొంతు నా చెవితో కుదిరిందని నాకు, అవ్వకు, బాపుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కొన్ని పంటకాలాలు మేము అట్లా బతికాము.

అంతా ముగిసింది జనగామలో.

అక్కడ రైతులది ఏదో సభ. సభకు ముందు జనం కూడాలి, అందుకు మా డప్పులను పిలిపించారు. లారీలో పోయినం, నేను గడ్డిమోపు మీద కూర్చుని. పెద్ద మైదానం. ఒక కొసన చెక్కల స్టేజి. ఆ కొసకు, ఈ కొసకు కర్రలకు ఇనుప లౌడ్‌స్పీకర్లు కట్టి ఉన్నాయి, ఈ కొసవి జనం వైపు, ఆ కొసవి స్టేజి వైపు, ఉమ్మెత్త పువ్వుల్లాగా నోళ్లు తెరుచుకుని. మైకు సెట్టు ఖాజాభాయ్‌ది. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాల. స్టేజి పక్క స్టూలు మీద మిషను పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా మా డప్పులకు మైకు పెట్టినవాళ్లు లేరు. మైకు మాట్లాడేవాళ్లకు, పాడేవాళ్లకు. డప్పు ఎట్లాగూ వినబడుతుంది, దానికి మైకు దేనికి అనేవారు. ఆ రోజు మాత్రం సభ పెట్టినవాళ్లు, చప్పుడు బస్టాండు దాకా పోవాలని పట్టుబట్టారు.

మావాళ్లు స్టేజి ఎక్కి వరుసగా నిలబడ్డాక, ఖాజాభాయ్ మైకు తెచ్చి బాపు డప్పు ముందు పెట్టాడు. బాపు ఒక్క దెబ్బ వేయగానే లౌడ్‌స్పీకర్లు బర్రుమని పగిలినట్టు అరిచాయి. జనం చెవులు మూసుకున్నారు. ఖాజాభాయ్ నాలుక కరుచుకుని, మైకును మూరెడు దూరం జరిపాడు. ఎదురుగా కాకుండా పక్కకు వాల్చాడు. మెడలో తువ్వాల తీసి మైకుకు చుట్టాడు. మళ్లీ కొట్టించి, మిషను బొత్తాం తిప్పి, మళ్లీ కొట్టించాడు. అప్పుడు వచ్చింది సౌండు. మైదానం ఆ కొసన ఉన్న లౌడ్‌స్పీకరులోంచి మా బాపు డప్పు ఉరిమింది.

"ఎట్లుందన్నా?" అన్నాడు ఖాజాభాయ్. "మొత్తం జనగామ ఇంటది ఇగ."

బాపు తల తిప్పాడు. ఆ కొస వైపు చూస్తున్నాడు. ఆయన మొహం అట్లా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత తన డప్పు ఆయనకు వినబడింది. రొమ్ములో తెలియడం కాదు, చెవికి వినబడటం. పక్కనున్న చిన్నబాపు డప్పు వినబడని మనిషికి ఆ ఇనుప నోరు వినబడింది.

డప్పు కొట్టే రెండు కర్రలు, సిర్ర, పుల్ల, పట్టుకుని మొదలుపెట్టాడు. మొదట బాగానే సాగింది. తర్వాత నాకు స్టేజి కింద మంట దగ్గర కూర్చున్నచోటే ఒంట్లో ఏదో తేడాగా అనిపించింది. చాకలిరేవు అవతలి ఒడ్డున బట్ట బండకు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. దూరం చప్పుడు ఆలస్యంగా వస్తుంది. ఆ కొస లౌడ్‌స్పీకరు చప్పుడు కూడా అట్లాగే దెబ్బ పడ్డాక వస్తోంది. వినేవాళ్లకు అది పట్టదు. కొట్టే మిగతావాళ్లకూ పట్టలేదు, వాళ్ల చెవుల్లో పక్కవాడి డప్పు ఉంది. బాపుకు ఉన్నది అదొక్కటే. ఇన్నేళ్లు ఎవరినీ వినకుండా ముందు నడిచిన మనిషి, ఆ రోజు విన్నాడు. విని, దాని కోసం ఆగడం మొదలుపెట్టాడు. దెబ్బ వేసి, అది వచ్చేదాకా ఆగి, ఇంకో దెబ్బ. ఆయన ఆగే కొద్దీ అది ఇంకా వెనక్కి పోతుంది. వరుస కుంటింది. చిన్నబాపు తన డప్పుతో ముందుకు లాగాలని చూశాడు. వెనకవాళ్లు సగం ఇటు, సగం అటు అయ్యారు. డప్పులు ఒకదాన్ని ఒకటి తన్నుకున్నాయి.

ముందు వరుసలో ఎవడో అన్నాడు, "కల్లు జర ఎక్కువైనట్టుంది పెద్దమనిషికి." జనం నవ్వారు. ఒక్కరొక్కరే మావాళ్లు చేతులు ఆపేశారు. బాపు ఒక్కడే కొడుతున్నాడు, ఆ కొస వైపు చూస్తూ, ఒక్కో దెబ్బకు ఆగుతూ. నవ్వు ఆయనకు వినబడలేదు. మధ్యలో ఎందుకో అనుమానం వచ్చి నా వైపు తిరిగాడు, తోలు చల్లారిందా అన్నట్టు. నేను తల ఊపాలా, మంటలోకి చూడాలా? తోలు బాగానే ఉంది. నాకు అవ్వ నేర్పింది ఆ రెండే. మూడోది లేదు.

అప్పుడు చిన్నబాపు చేసింది రాయడానికి ఇప్పటికీ చెయ్యి బరువుగా ఉంటుంది. మా వాడలో ఒక పద్ధతి ఉంది. డప్పు కొట్టేవాడు చనిపోతే, శవం లేపే ముందు రెండో డప్పువాడు వచ్చి చనిపోయినవాడి డప్పు మీద అరచెయ్యి పరిచి పెడతాడు. ఇక దీని గొంతు ఆగిందని అర్థం. బతికున్నవాడి డప్పు మీద ఎవరూ చెయ్యి పెట్టరు, పిల్లలు ఆటకు పెట్టినా దెబ్బలు తింటారు. చిన్నబాపు స్టేజి మీద అందరూ చూస్తుండగా రెండడుగులు ముందుకు వేసి, బాపు డప్పు మీద అరచెయ్యి పెట్టాడు. పరిచి పెట్టాడు. ఆయన ఏడుస్తున్నాడు. అన్న మీద జనం నవ్వడం చూడలేక చేశాడో, ఏమీ తోచక చేశాడో నాకు తెలియదు. సిర్ర గాలిలో ఆగింది. బాపు ఆ చెయ్యి చూశాడు, తమ్ముడి మొహం చూశాడు. డప్పు మెడలోంచి తీసి స్టేజి మీద పెట్టి దిగిపోయాడు.

తిరిగి వచ్చింది కూడా అదే లారీలో. నేను ఆయన డప్పు ఒళ్లో పెట్టుకుని బాపు పక్కన కూర్చున్నాను. ఊరు దగ్గరపడుతుంటే నా చెవి దగ్గర వంగి, అందరికీ వినబడేంత గట్టిగా, తాను గుసగుసగా అంటున్నానని అనుకుంటూ అన్నాడు, "ఎంత మంచిగ మోగిందే బిడ్డా నా డప్పు."

ఆ తర్వాత ఆయన కట్టె కొట్టాడు, బావులు తవ్వాడు, గడ్డి మోశాడు. మొదటి డప్పు చిన్నబాపుదైంది. కళ్లాల దగ్గర మా పిలుపు చివరికి పోయింది. వాడలో పిల్లలు బాపు వెనక చేరి బూతులు తిట్టి, ఆయన తిరగకపోతే పగలబడి నవ్వేవారు. తిరిగి చూసినా వాళ్లతో పాటు ఆయనా నవ్వేవాడు. ఊళ్లో ఎవరైనా పోతే డప్పులతో కాకుండా అందరికన్నా వెనక నడిచేవాడు. ఇంటి ముందు నుంచి డప్పులు పోతుంటే గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు, గోడ అదిరితే తెలుస్తుందని. నేను మళ్లీ బడికి పోలేదు. పోవడానికి ఏమీ మిగల్లేదు, అవ్వతో నాట్లకు పోయాను. మంట పెట్టే పని చిన్నబాపు కొడుక్కి వచ్చింది. వాడు గడ్డి ఎంత దుబారా చేసేవాడో చెప్పలేను.

నాకు పెళ్లయ్యాక కొన్నేళ్లకు, ముసురు పట్టిన రోజుల్లో బాపు పోయాడు. నేను వచ్చేసరికి ఆయనను అరుగు మీద పడుకోబెట్టారు. మేకుకు వేలాడుతున్న డప్పు దించి పక్కన పెట్టారు. తోలు వదులై, నెర్రెలు విచ్చి ఉంది. పద్ధతి ప్రకారం చిన్నబాపు వచ్చి వంగాడు, డప్పు మీద చెయ్యి పెట్టబోయాడు. అప్పటిదాకా తల ఎత్తని అవ్వ ఆయన మణికట్టు పట్టుకుంది.

"నీ చెయ్యి అప్పుడే పెట్టినవ్ గద సోమయ్యా. మళ్ల ఎందుకు?"

అరిచి అనలేదు. కూరలో ఉప్పెంత ఉందో అడిగినట్టు అన్నది. చిన్నబాపు అట్లాగే వంగి ఉండిపోయాడు. ఎవరో భుజం పట్టుకుని లేపారు. బాపు డప్పు మీద రెండోసారి ఎవరూ చెయ్యి పెట్టలేదు. పాడె లేచింది, ముసురులో మంట అంటుకోక, కాగని తోళ్లతోనే కొట్టుకుంటూ ఆయనను తీసుకుపోయారు.

స్రవంతి తల ఊపమన్న రోజు ఇవన్నీ ఆమెకు చెప్పలేదు. సరేనని అనలేదు, పోనని కూడా అనలేదు. ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం ఆమె వెంట ఆటోలో మైదానానికి పోయాను. ఆమె నన్ను కుడిపక్క కూర్చోబెట్టుకుంది.

స్టేజి మీద ఒక పిల్లగాడు డ్రమ్ముల మధ్య కూర్చుని ఉన్నాడు. స్రవంతి ఒక్కో డ్రమ్ముకు ఒక్కో మైకు పెడుతోంది. అందరికన్నా పెద్ద డ్రమ్ముకు ముందు చెక్కిన బొక్కలోంచి లోపలికి ఒకటి. ఒళ్లో ఉండే చిన్న డ్రమ్ముకు, తోలుకు రెండు వేళ్ల ఎత్తులో, వాలుగా ఒకటి. ఇత్తడి తాళాలకు పైనుంచి రెండు. పెద్ద డ్రమ్ము కడుపులో కొత్త దుప్పటి కుక్కి ఉంది. కప్పుకునేవాళ్లు లేక డ్రమ్ముకు కప్పారా అన్నాను. "మోత ఎక్కువసేపు నిలువకుండ అమ్మమ్మా" అంది. ఖాజాభాయ్ తువ్వాల గుర్తొచ్చింది. పక్కన రెండు డప్పులు కూడా ఉన్నాయి. తట్టి చూశాను. ప్లాస్టిక్ తోలు, చుట్టూ బోల్టులు. మంట లేదు, గడ్డి లేదు, చింతగింజ లేదు. పానాతో బిగిస్తారట, ఎప్పటికీ చల్లారదట. నాకది బకెట్టు మీద కొట్టినట్టు వినబడింది గాని పొదుపైన వస్తువే, కాదనలేను.

"గిన్ని మైకులా?" అన్నాను. "మా ఊరందరికి కలిపి ఒక్కటి ఎరగం."

"ఒక్కదాన్లనే పెడితే అన్ని కలిసి గజిబిజి అయితయ్."

డ్రమ్ముల పిల్లగాడి పక్కన, నేల మీద ఒక నల్ల పెట్టె అతని వైపు వాలి ఉంది. అది దేనికని అడిగాను.

"అది జనానికి కాదు అమ్మమ్మా, ఆయనకే. పెద్ద బాక్సుల సౌండు దూరం కెళ్లి లేటుగ వస్తది. అది ఇని కొడితే తాళం తప్పుతది. అందుకే కొట్టేటోని పక్కనే ఒకటి పెడ్తం, ఆయన సౌండు ఆయనకు అప్పుడే ఇనవడాలె."

నేను ఆ పెట్టె ముందు కాసేపు నిలబడ్డాను. పాలక్యాను కన్నా పెద్దది కాదు. ఒక మనిషి పట్టుకుని మోయవచ్చు.

తర్వాత మైదానం మధ్యలో బల్ల దగ్గరికి పోయినం. నాకు పక్కన కుర్చీ వేసింది. మీటల మీద వేళ్లు పెట్టి, హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకుని, స్టేజి మీద పిల్లగాడికి చెయ్యి ఊపింది. పెద్ద డ్రమ్ము బాగుంది. నా కుర్చీ కాళ్లలోంచి పైకి వచ్చింది. చిన్న డ్రమ్ము బాగుంది. వాటికి ఆమె నా వైపు చూడలేదు, చూడాల్సిన పని లేదు. తర్వాత తాళాలు. ఆమె మీట పైకి జరిపింది. ఇంకా జరిపింది. అల్యూమినియం గిన్నె అడుగును గరిటెతో గీకినట్టు నా పళ్లు జివ్వుమన్నాయి. ముందున్న పనివాళ్లు చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. ఆమె వాళ్లను చూడలేదు. నా వైపు తిరిగింది.

ఆ చూపు నాకు తెలుసు. మంట అవతల నుంచి వచ్చేది. వినబడని మనిషి ఇంకొకరి మొహంలోంచి వినాలని చూసే చూపు. నేను తల ఊపితే ఆ రోజు గడిచిపోతుంది. ఇంకో ప్రోగ్రాంకు నన్ను తీసుకుపోతుంది, ఆ తర్వాత ఇంకోదానికి. నేనుండేదే ఎన్నాళ్లు. అవ్వ చెప్పినట్టు తల ఊపి బాపును కొన్నేళ్లు నిలబెట్టాను, అందరం తిన్నాము, దానికి నాకు బాధ లేదు. కానీ ఆ ఏళ్లన్నీ డప్పు ఆయన చెవుల మీదే మోగింది. మిగిలింది కూడా అందులోనే పోయింది.

నేను తల ఊపలేదు.

ఆమె మీట కొంచెం దించి చూసింది. ఊపలేదు. ఇంకొంచెం దించింది. తాళం ఇప్పుడు నిజానికి బాగుంది, డ్రమ్ములతో చక్కగా కలిసింది. ఊపలేదు. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"ఇప్పుడు? అమ్మమ్మా, ఇప్పుడు?"

వేళ్లు మీటను కిందికి లాగుతూ పోయాయి. సౌండు సన్నబడి, ఇంకా సన్నబడి, బాక్సుల్లోంచి పూర్తిగా పోయింది. మీట కింద కొసకు తగిలి ఆగింది. అవతల స్టేజి మీద పిల్లగాడు ఆమె చెప్పలేదు కాబట్టి ఇంకా కొడుతూనే ఉన్నాడు. అంత దూరం నుంచి ఉత్త ఇత్తడి చప్పుడు సన్నగా నా దాకా వస్తూనే ఉంది. ఆమె దాకా రావడం లేదు. అది ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఎందుకంటే నేను వింటున్నాను, ఆమె నేను వింటుండటాన్ని చూస్తోంది.

హెడ్‌ఫోన్ తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టింది. నేను అప్పుడూ తల ఊపలేదు.